షాపు కాలిపోయాక క్లెయిమ్‌లో కోత ఎక్కడ పడుతుంది?

ఎండలు ముదిరి రోహిణి కార్తె దగ్గరపడేసరికి నెల్లూరు, ఒంగోలు జిల్లా పేజీల్లో అగ్నిప్రమాదాల వార్తలు పెరుగుతాయి. షాపు కాలిందంటే చుట్టుపక్కలవాళ్లు మొదట అడిగేది "ఎలా అంటుకుంది?" అని. యజమాని టెన్షన్ కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. రిపోర్టులో షార్ట్ సర్క్యూట్ అని రాస్తారా, అనుమానాస్పదం అని రాస్తారా, దాంతో ఇన్సూరెన్స్ పోతుందా అని. కానీ డబ్బు తగ్గేది చాలాసార్లు వేరే చోట. ఆ రోజు లోపల ఎంత సరుకు ఉంది, ఆ మాటకు కాగితం ఏది, పాలసీ ఎంత మొత్తానికి తీసుకున్నారు అనే మూడు ప్రశ్నల దగ్గర. వీటి జవాబులు నిప్పు అంటుకోకముందే దాదాపు ఖాయమైపోయి ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో మంట గురించి తక్కువ, లెక్కల గురించి ఎక్కువ ఉంటుంది.

ముందు కారణం సంగతి తేల్చేద్దాం. ఫైర్ పాలసీ ఉన్నదే అనుకోని మంట కోసం. వైరింగ్ పాతదైనా, పూజ గూట్లో దీపం ఒరిగి అంటుకున్నా, పనివాడు బీడీ ముక్క పారేసినా అది ప్రమాదమే. కర్ణాటకలో రైతులు సరుకు దాచుకున్న ఒక కోల్డ్ స్టోరేజీ 2014లో కాలిపోయింది. ఆ సరుకు మీద అప్పిచ్చిన కెనరా బ్యాంకుకూ యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకీ మధ్య నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు 2020లో రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది. పాలసీదారు స్వయంగా నిప్పు పెట్టనంతవరకు మంటకు కచ్చితమైన కారణం ఏమిటన్నది ముఖ్యం కాదని చెప్పింది. 2023లో ఒక గోడౌను కేసులోనూ ఇదే మాట మళ్లీ అంది. కాబట్టి "కారణం తేలలేదు" అన్న ఒక్క ముక్కతో క్లెయిమ్ కొట్టేస్తే ఆ ఉత్తరం ఎక్కువ కాలం నిలవదు.

కారణం అడ్డుపడే సందర్భాలు కొన్ని నిజంగానే ఉన్నాయి. ఫ్రిజ్‌లోనో మోటారులోనో షార్ట్ అయి మంట లేచిందనుకోండి. ఏ యంత్రంలో షార్ట్ అయిందో ఆ యంత్రానికి మామూలు ఫైర్ పాలసీ డబ్బు ఇవ్వదు, దాని నుంచి మంట పాకి కాలిన మిగతా వాటన్నిటికీ ఇస్తుంది. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని "షార్ట్ సర్క్యూట్‌కు ఇన్సూరెన్స్ రాదంట" అని ప్రచారం చేసేవాళ్లు ప్రతి బజార్లోనూ ఉంటారు.

ప్రకాశం, నెల్లూరు మెట్ట ప్రాంతాల పొగాకు రైతులకు ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. కొండపి, టంగుటూరు, కనిగిరి, కందుకూరు, కలిగిరి వైపు బ్యారన్లలో, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే గదుల్లో, ఆకు కాల్చేటప్పుడు కర్ర నుంచి ఒక ఆకు జారి ఎర్రగా కాలుతున్న గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. పాత తరహా స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ఒక మినహాయింపు ఉంది: వేడి చేసే, ఆరబెట్టే పనిలో ఉన్న వస్తువు ఆ పని వల్లే పాడైతే దానికి పరిహారం లేదు. సరుకు తనంతట తాను లోపల వేడెక్కి, పులిసి అంటుకున్నా అంతే. కాబట్టి బ్యారన్‌కు పాలసీ తీసుకునేటప్పుడు కట్టడానికి, పరికరాలకు మాత్రమేనా, లోపల కాలుతున్న ఆకుకు కూడానా అని అడిగి, జవాబును పాలసీ కాగితంలోనే చూసుకోవాలి. ఏజెంటు నోటి మాట ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

మంట ఆరిన రోజు

మొదటి రోజు యజమాని మనసు ఎక్కడా నిలవదు. అప్పుడే ఫైర్ సిబ్బంది అడుగుతారు, "నష్టం ఎంత ఉంటుందండీ?" అని. వాళ్ల రిపోర్టులో అంచనా నష్టం అని ఒక గడి ఉంటుంది, దాన్ని నింపాలి. కంగారులో "ఐదు లక్షలు ఉండొచ్చు" అంటారు. మర్నాడు పేపర్లో అదే అంకె వస్తుంది. నెల తర్వాత లెక్క చూసుకుంటే పదిహేను లక్షలు తేలుతుంది. అప్పటికి నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు చేతిలో మీ నోటి నుంచి వచ్చిన ఐదు లక్షల అంకె ఉంటుంది. కొందరు దీనికి తిరగేసి విలేకరులకు యాభై లక్షలని చెప్పుకుంటారు. అదీ అంతే చెరుపు. "పుస్తకాలు చూసి చెబుతాం, ఇంకా తేలలేదు" అనే ఒక్క మాట చాలు. అది అబద్ధమూ కాదు.

ఆ రోజే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. దాంతో ఆగకుండా పాలసీ నంబరు, చిరునామా, సమయం రాసి ఈమెయిల్ కూడా పంపండి. ఏజెంటుకో, బ్యాంకు మేనేజరుకో చెప్పడం కంపెనీకి చెప్పినట్టు కాదు. ఏమేమి పోయాయో రాతపూర్వకమైన వివరం 15 రోజుల్లో ఇవ్వాలని స్టాండర్డ్ పాలసీ షరతు. ఆలోగా మొత్తం లెక్క తేలదు కాబట్టి "ఇది ప్రాథమిక అంచనా, పూర్తి లెక్క తర్వాత ఇస్తాం" అని రాసి ఇవ్వవచ్చు. ఆలస్యం జరిగిందన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ను తోసేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. అలాగని దాని మీద ఆధారపడి కూర్చోనక్కర్లేదు.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, ఫైర్ స్టేషన్‌లో రిపోర్టు కోసం అర్జీ, రెండూ పెట్టాలి. ఫైరింజన్ రాకముందే ఊరివాళ్లే ఆర్పేస్తే? పల్లెల్లో ఇది మామూలే. దాంతో క్లెయిమ్ చచ్చిపోదు. స్టేషన్ నమోదు, గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణ, ఫోటోలు, చూసినవాళ్ల వాంగ్మూలాలు ఆ ఖాళీని పూడుస్తాయి.

శుభ్రం చేయడం గురించి రెండు విరుద్ధమైన సలహాలు వినిపిస్తాయి. "ఏదీ కదపొద్దు" అని ఒకటి, "మిగిలినది కాపాడుకో" అని ఒకటి. పాలసీ ప్రకారం రెండూ మీ బాధ్యతే. సర్వేయరు వచ్చేదాకా బూడిదను ఎత్తి పారేయకూడదు. అలాగని సగం తడిసిన బస్తాలను అలాగే వదిలేసి, అక్టోబరు వానల్లో పైకప్పు లేని షాపులో పూర్తిగా కుళ్లనిస్తే, ఆ రెండో నష్టం మీ ఖాతాలో వేస్తారు. అన్ని వైపుల నుంచీ వీడియో తీసి, తారీకు కనబడేలా ఫోటోలు తీసి, బాగున్న సరుకును పక్కకు చేర్చి టార్పాలిన్ కప్పండి, ఆ సంగతి కంపెనీకి ఈమెయిల్ చేయండి. ఫైరింజన్ నీళ్లకు తడిసి పాడైన సరుకు కూడా మంట నష్టం కిందికే వస్తుంది. పక్క షాపు అంటుకుని, దాన్ని ఆర్పిన నీళ్లు మీ గోడౌన్లోకి వచ్చినా అంతే. కాలని సరుకు కదా అని దాన్ని జాబితాలో రాయనివాళ్లు చాలామంది.

మంట గ్యాస్ సిలిండర్ వల్ల అయితే ఇంకో దారి కూడా ఉంది. ఆయిల్ కంపెనీలకు గ్యాస్ ప్రమాదాల కోసం ప్రత్యేకంగా బీమా ఉంటుంది. మరణిస్తే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, రిజిస్టరైన చిరునామాలో ఆస్తి నష్టానికి ప్రమాదానికి 2 లక్షల వరకు. వినియోగదారుడు దీనికి విడిగా ప్రీమియం కట్టక్కర్లేదు. గ్యాస్ ఏజెన్సీకి వెంటనే రాతపూర్వకంగా తెలియజేయాలి.

సర్వేయరు దగ్గర నిలిచేది ఏది

నష్టం లక్ష రూపాయలు, ఆపైన అయితే లైసెన్సు ఉన్న సర్వేయరు చేత అంచనా వేయించాలి. ఆయన కంపెనీ ఉద్యోగి కాడు. ఐఆర్‌డీఏఐ లైసెన్సు మీద పనిచేసే స్వతంత్రుడు. ఫీజు ఇచ్చేది మాత్రం కంపెనీ. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకుని ఆయనతో వ్యవహరించాలి. శత్రువులా చూడక్కర్లేదు, మన మనిషి అనుకోనూ అక్కర్లేదు. 2024లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలిసిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. కాగితం మీద ఇది బాగుంది. నడిచేటప్పుడు మాత్రం "మీరు ఫలానా పత్రం ఇవ్వలేదు" అనే ఒక్క వాక్యంతో గడువు సాగిపోతుంది. అందుకే ఏ పత్రం ఇచ్చినా ఈమెయిల్‌లో ఇవ్వండి, లేదా రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఏ రోజు ఏది ఇచ్చారో చూపలేకపోతే ఆ గడువులు మీకు అక్కరకు రావు.

ఆయన మొదట చూసేది చిరునామా. పాలసీ ట్రంకు రోడ్డు షాపు పేరు మీద ఉంటుంది, సరుకు ఎక్కువైందని రెండు వీధుల అవతల అద్దెకు తీసుకున్న గోడౌన్లో పెడతారు, అది కాలుతుంది. ఆ గోడౌను పాలసీలో లేదు కాబట్టి అసలుకే మోసం. నెల్లూరు చిన్నబజారు లాంటి ఇరుకు బజార్లలో షాపు ఒకచోట, సరుకు ఇంకోచోట పెట్టుకోవడం ఎంత మామూలో తెలిసిందే. కొత్త గోడౌను తీసుకున్న రోజే కంపెనీకి రాసి, పాలసీలో ఆ మార్పు చేర్చే ఎండార్స్‌మెంట్ వేయించుకుంటే తీరిపోయే పని ఇది.

రెండోది, సరుకు ఎవరిది అన్నది. స్టాండర్డ్ పాలసీలో ఇతరుల తరఫున మన దగ్గర ఉంచుకున్న సరుకు, కమీషన్ మీద అమ్మే సరుకు ప్రత్యేకంగా రాస్తేనే చేరుతుంది. బుచ్చిరెడ్డిపాలెం వైపు రైస్ మిల్లులో పౌరసరఫరాల ధాన్యం మరపట్టడానికి వచ్చి ఉంటుంది. టైలరు షాపులో ఖాతాదారుల బట్టలుంటాయి. ఫోన్లు బాగుచేసే షాపులో జనం ఫోన్లుంటాయి. ఇవన్నీ కాలితే ఆ జనం మీ గుమ్మం ముందు నిలబడతారు, పాలసీ మాత్రం మీ సొంత సరుకుకే జవాబు చెబుతుంది.

షాపు అద్దెదైతే ఇంకో చిన్న గందరగోళం. అద్దెకున్న వ్యాపారి పాలసీ ఆయన సరుకుకు, ఫర్నిచరుకు మాత్రమే. గోడలు, శ్లాబు యజమాని పాలసీలో ఉండాలి. "మావాడికి ఇన్సూరెన్స్ ఉందిలే" అని ఇంటి యజమాని ధీమాగా ఉంటే అది ఉత్తి ధీమానే.

లెక్క ఎలా కడతారు

నెల్లూరులో ఒక బట్టల షాపు ఉందనుకుందాం. ఏప్రిల్ 1న చేతిలో ఉన్న స్టాకు 18 లక్షలు. ప్రమాదం రోజు వరకు కొన్నది 59 లక్షలు. అమ్మినది 75 లక్షలు. ఆ షాపుకు గత సంవత్సరాల లెక్కల ప్రకారం అమ్మకం మీద 20 శాతం లాభం. అంటే అమ్మిన సరుకు అసలు ధర 60 లక్షలు. 18, 59 కలిపితే 77. అందులో 60 పోతే ప్రమాదం రోజున షాపులో ఉండాల్సిన సరుకు 17 లక్షలు. కాలకుండా, అమ్ముకోగలిగేలా మిగిలింది 2 లక్షలు. నష్టం 15 లక్షలు. ఇక్కడ అంతా కొన్న ధరే. అమ్మితే వచ్చే లాభం లెక్కలోకి రాదు. మూడేళ్లుగా కదలని పాత డిజైన్లుంటే వాటి విలువ ఇంకా తగ్గిస్తారు.

ఇప్పుడు పాలసీ తీసి చూస్తే, ప్రీమియం తక్కువ పడుతుందని స్టాకుకు 10 లక్షలే రాయించారు. చాలామంది అనుకునేది, 15 లక్షలు పోయినా పాలసీ పదికే కాబట్టి పది లక్షలు వస్తాయని. అలా రావు. 17 లక్షల సరుకుకు 10 లక్షల బీమా తీసుకున్నారంటే, మిగతా 7 లక్షల భాగానికి మీరే బీమాదారు అని లెక్క. నష్టాన్ని ఆ నిష్పత్తిలో పంచుతారు. 15 లక్షలను పదితో గుణించి 17తో భాగిస్తే 8 లక్షల 82 వేలు. దీని పేరు యావరేజ్ క్లాజు. నాలుగు లక్షల సరుకే కాలి ఉంటే పది లక్షల పాలసీ ఉన్నా వచ్చేది రెండు లక్షల 35 వేలే. ఈ రెండో లెక్కే జనానికి మింగుడుపడదు, "పాలసీ కంటే తక్కువే పోయింది కదా, మొత్తం ఎందుకివ్వరు" అని. నా ఉద్దేశంలో ఫైర్ ఇన్సూరెన్స్‌లో కంపెనీలు కస్టమరుకు ముందే పెద్ద అక్షరాల్లో చెప్పాల్సిన విషయం ఒక్కటుంటే అది ఇదే. చెప్పరు. తక్కువ ప్రీమియం చూపించి పాలసీ అమ్మడం సులువు కాబట్టి.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు ఐఆర్‌డీఏఐ ఒకే నమూనా పాలసీలు తెచ్చింది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ మొత్తం 5 కోట్ల వరకు అయితే భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష, 5 నుంచి 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యం సురక్ష. ఈ పాలసీల్లో బీమా మొత్తం అసలు విలువ కంటే 15 శాతం వరకు తక్కువున్నా కోత వేయరు. మన ఉదాహరణలో తేడా 41 శాతం, కాబట్టి ఆ సడలింపు దక్కదు. శిథిలాలు ఎత్తించే ఖర్చు, ఇంజనీరు ఫీజు లాంటివి కూడా పరిమితుల మేరకు వీటిలో ఉంటాయి. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు.

కట్టడం, యంత్రాల సంగతి వేరు. పాలసీ మార్కెట్ విలువ మీద ఉంటే ఇరవై ఏళ్ల మిల్లు షెడ్డుకు తరుగు తీసేసి ఇస్తారు. రీఇన్‌స్టేట్‌మెంట్ పద్ధతి మీద ఉంటే కొత్తది కట్టే ఖర్చు ఇస్తారు, కానీ నిజంగా కట్టాలి, మామూలుగా 12 నెలల్లోపు. కట్టకపోతే తరుగు తీసిన విలువే. ముందు కట్టడానికి చేతిలో డబ్బు లేనివాళ్లకు ఇక్కడ ఊపిరాడదు. కంపెనీ తన బాధ్యత ఒప్పుకున్నాక, వివాదం లేని మొత్తంలో కొంత ముందుగా ఇవ్వమని రాతపూర్వకంగా అడగవచ్చు. పెద్ద క్లెయిముల్లో ఇలా ఇవ్వడం ఉన్నదే. నోరు తెరిచి అడిగినవాళ్లకు.

పుస్తకాలు కాలిపోతే? ఇది మునుపటంత భయపడాల్సిన విషయం కాదు. జీఎస్టీ పోర్టల్‌లో మీ అమ్మకాల రిటర్నులు, మీకు సరుకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులు కనిపించే 2బీ స్టేట్‌మెంటు, ఈ-వే బిల్లులు అలాగే ఉంటాయి. ఆడిటరు దగ్గర ట్యాలీ బ్యాకప్, బ్యాంకు స్టేట్‌మెంటు, సూరత్‌లోనో చీరాలలోనో ఉన్న సప్లయర్ల లెడ్జర్ కాపీలు కలిపితే కొనుగోళ్ల లెక్క దాదాపు తిరిగి వస్తుంది. బిల్లు లేకుండా కొన్న సరుకుకు మాత్రం ఎక్కడా జాడ ఉండదు. అది కాలితే కాలినట్టే.

బ్యాంకుకు ఒక లెక్క, ఆదాయపు పన్నుకు ఒక లెక్క

సరుకు చూపించి తీసుకునే సీసీ (క్యాష్ క్రెడిట్) లోను ఉన్న ప్రతి వ్యాపారీ నెలనెలా బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇస్తాడు. లిమిట్ నిలబెట్టుకోవడానికి అందులో సరుకు కాస్త పెంచి రాయడం మన బజార్లలో ఎవరూ తప్పుగా చూడని అలవాటు. ఆడిటరుకు ఇచ్చే లెక్కలో అదే సరుకు తగ్గుతుంది. మామూలు రోజుల్లో ఈ రెండు కాగితాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. ప్రమాదం జరిగాక రెండూ ఒకే సర్వేయరు బల్ల మీదికి వస్తాయి.

మన బట్టల షాపు యజమాని అంతకు ముందు నెల బ్యాంకుకు 24 లక్షల స్టాకు చూపించాడనుకోండి. పుస్తకాలు 17 లక్షలంటున్నాయి. 24 ప్రకారం నష్టం ఇవ్వండని అడిగితే పుస్తకాలు ఒప్పుకోవు. నష్టాన్ని పుస్తకాల ప్రకారం 15 లక్షలుగానే ఉంచి, షాపులో ఉన్న విలువను మాత్రం మీరే సంతకం పెట్టి చెప్పిన 24 లక్షలుగా తీసుకుంటే, యావరేజ్ కోత తర్వాత వచ్చేది 6 లక్షల 25 వేలు. ఒకే సరుకుకు రెండు కొలతలు వాడటం న్యాయం కాదని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో బలమూ ఉంది. కానీ ఆ గొడవకు తలుపు తెరిచింది మీ సంతకమే. పైగా తప్పుడు వివరాలిచ్చారన్న ముద్ర పడితే ఫ్రాడ్ షరతు కింద మొత్తానికే ఎసరు వస్తుంది.

లోను ఉంటే పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది, చెక్కు ముందు బ్యాంకుకే వెళుతుంది. పాలసీని బ్యాంకే తీసి ప్రీమియం ఖాతాలో కోసుకునే చోట ఇంకో ఇబ్బంది: వాళ్లు లోను మొత్తానికి తీస్తారు, సరుకు విలువకు కాదు. పైన చెప్పిన కోతకు సగం కారణం ఇదే. పాలసీ కాపీ బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతుంది, వ్యాపారి దాన్ని మొదటిసారి చూసేది షాపు కాలాకే. ఈ రోజే వెళ్లి ఒక కాపీ అడగండి, చిరునామా, మొత్తం, గడువు తేదీ మూడూ చూసుకోండి.

జీఎస్టీలో ఒక మూల చాలామంది ఆడిటర్లు కూడా ఆలస్యంగా గుర్తుచేస్తారు. కాలిపోయిన సరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత మీ పన్నులో తగ్గించుకున్న జీఎస్టీని, సీజీఎస్టీ చట్టం 17(5)(హెచ్) ప్రకారం వెనక్కి కట్టాలి. 5 శాతం పన్ను ఉన్న 15 లక్షల బట్టలైతే 75 వేలు. అంటే ఆ సరుకు మీకు నిజంగా పడిన ధర పన్నుతో కలిపి. ఆ 75 వేలను క్లెయిమ్‌లో కలిపి అడగాలి, వెనక్కి కట్టిన రిటర్ను కాపీ జతచేయాలి. బీమా మొత్తం రాయించేటప్పుడే పన్నుతో కలిపి రాయిస్తే తర్వాత పేచీ ఉండదు.

ఇల్లు కాలితే

ఇళ్లకు 2021 నుంచి ఉన్న నమూనా పాలసీ భారత్ గృహ రక్ష. ఇందులో యావరేజ్ కోత లేదు, అది పెద్ద ఊరట. కట్టడానికి బీమా తీసుకుంటే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లో సామానుకు దానంతటదే వర్తిస్తుంది. ఇల్లు ఉండటానికి వీలు కాకపోతే వేరే చోట అద్దె కూడా పాలసీలో ఉంది.

స్థలం విలువను కలిపి చూసుకోవడం ఇక్కడి సాధారణ పొరపాటు. మాగుంట లేఅవుట్‌లో 70 లక్షలు పెట్టి ఫ్లాటు కొన్నా, 1,100 చదరపు అడుగులకు అడుగుకు 2,200 చొప్పున కట్టుబడి ఖర్చు 24 లక్షల 20 వేలే. బీమా దానికే. స్థలం కాలదు కదా. ఇక బీరువాలో నగదుకు ఈ పాలసీ ఏమీ ఇవ్వదు. బంగారానికి విలువైన వస్తువుల కవరు విడిగా తీసుకుని ఉండాలి. పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండి, పెద్దవాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్లి ఇల్లు నెలలకొద్దీ తాళం వేసి ఉంటే, పాత తరహా పాలసీలో 30 రోజులు దాటి ఖాళీగా ఉన్న ఇంటికి కవరు ఆగిపోతుందనే షరతు ఉంది. వెళ్లేముందు కంపెనీకి రాసి ఒప్పుదల తీసుకోవాలి.

తాటాకు ఇళ్లు, పూరిపాకలు కాలినప్పుడు రెవెన్యూ శాఖ ఇచ్చే సాయం బీమాతో సంబంధం లేనిది. తహసీల్దారు కార్యాలయంలో దానికి విడిగా అర్జీ పెట్టాలి.

తక్కువ ఇస్తామన్నప్పుడు

కంపెనీ ఒక మొత్తం చెప్పి, "పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అన్న వోచరు పంపుతుంది. అప్పులవాళ్లు ఇంటి ముందు ఉంటే ఎవరైనా సంతకం పెట్టేస్తారు. డబ్బు తీసుకోండి, కానీ సంతకానికి ముందో, అదే రోజో, "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతా మొత్తానికి నా హక్కు వదులుకోలేదు" అని ఈమెయిల్ పంపండి. వోచరు మీద సంతకం పాలసీదారు హక్కులను మూసేయదని ఐఆర్‌డీఏఐ 2015లో సర్క్యులర్ ఇచ్చింది. ఒత్తిడి చేసి సంతకం పెట్టించుకున్నారని చూపితే ఆ వోచరు అడ్డు కాదని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. అయితే ఏడాదిపాటు మాట్లాడకుండా ఉండి అప్పుడు ఒత్తిడి అంటే ఎవరూ నమ్మరు.

సర్వేయరు రిపోర్టు కాపీ అడగండి. ఏ అంకె ఎక్కడ తగ్గిందో అందులోనే ఉంటుంది, "మాకు అన్యాయం జరిగింది" అనే ఉత్తరం కంటే "ఫలానా పేజీలో తరుగు ఇంత ఎందుకు తీశారు" అనే ఉత్తరానికి జవాబు ఇవ్వక తప్పదు. ఆ రిపోర్టు ముఖ్యమైన ఆధారమే కానీ వేదవాక్కు కాదని సుప్రీంకోర్టు 2009లో అంది. అదే ఏడాది ఇంకో కేసులో, మొదటి రిపోర్టు నచ్చలేదని కారణం చెప్పకుండా కంపెనీ ఇంకో సర్వేయరును, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటూ పోవడం కుదరదని కూడా చెప్పింది. గడువు దాటి ఇచ్చే డబ్బుకు బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ రావాలి. అది కూడా ఉత్తరంలో రాయండి.

మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరుకు గానీ నమోదు చేస్తే ఆ ఫిర్యాదుకు ఒక నంబరు ఉంటుంది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించి తీర్పు చెప్పే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్ మొత్తం ఆ కార్యాలయం కిందికే వస్తుంది. వ్యక్తులతో పాటు సొంత పేరున నడిపే షాపులు, సూక్ష్మ సంస్థలు కూడా అర్హులే. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించగలరు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాదిలోపు వెళ్లాలి. ఇచ్చిన తీర్పు కంపెనీకి శిరోధార్యం, మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. తేడా లెక్కల్లో ఉన్నప్పుడు నేను ముందు చెప్పేది ఈ దారే. అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోడు, కాబట్టి వరుస తప్పకూడదు.

వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లు. 2019 చట్టం ప్రకారం ఏ స్థాయి కమిషన్ అన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాకుండా మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి తేలుతుంది. కోటి రూపాయల క్లెయిమ్ అయినా ప్రీమియం 50 లక్షలు దాటదు కాబట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ప్రీమియం 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు కూడా లేదు. "మీది వ్యాపారం, మీరు వినియోగదారు కారు" అని కంపెనీ లాయరు అభ్యంతరం పెడితే 2023 నాటి హర్సోలియా మోటార్స్ తీర్పు చూపించండి. అదీ ఫైర్ పాలసీ కేసే. నష్టాన్ని పూడ్చుకోవడానికి తీసుకున్న బీమా లాభం కోసం చేసిన కొనుగోలు కాదని సుప్రీంకోర్టు అందులో తేల్చింది.